ముసుగోడి తరఫున ఒక అర్జీ

మూడేళ్ళపాటు మా ఇంటి అరుగు మీద కూర్చుని నేను రోజూ మధ్యాహ్నం అబద్ధాలు చదివాను. అబద్ధం చెప్పేవాళ్ళ మొహంలోకి జనం అనుమానంగా చూస్తారు. చేతిలో పుస్తకం పట్టుకుని చదివేవాళ్ళని ఎవరూ అనుమానించరు. పైగా నాది హిందీ పుస్తకం. మా వీధిలో హిందీ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అని అందరూ అనుకునేవారు, నేను తప్ప.

మా ఊరు పలాసకీ వజ్రపుకొత్తూరుకీ మధ్యన, కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో ఉంది. తొంభైల చివరి రోజులు. నేను డిగ్రీకి టెక్కలి వెళ్ళి, మొదటి ఏడాదే లెక్కల్లో తప్పి, ఇంటికొచ్చి కూర్చున్నాను. కూర్చున్నాను అనడమే గానీ కూర్చోవడం నాకు చేతకాదు. ఏదో ఒక కాలు ఊగుతూనే ఉండాలి. అమ్మ వెళ్తూ వస్తూ ఆ కాలి మీద ఒక్కటిచ్చేది. కాసేపు ఆగి, రెండో కాలు మొదలుపెట్టేదాన్ని.

పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి పెంకు తీసిన పప్పుని సంచుల్లో మా వీధికి పంపేవారు. దాని మీది ఎర్రపొట్టుని ఆడవాళ్ళు చిన్న కత్తితో గీకి తియ్యాలి. పప్పు విరక్కూడదు. గుండుగా ఉన్నవి ఒక చేటలో, విరిగినవి ఒక చేటలో వేసేవారు. విరిగినవి ఎక్కువైతే సాయంత్రం సంచి పట్టుకెళ్ళడానికొచ్చిన మేస్త్రీ వీధంతా వినబడేలా తిట్టేవాడు. నేను చేస్తే అన్నీ విరిగేవి. అందుకని నన్ను ఆ పని నుంచి తప్పించి, పని చేసేవాళ్ళకి పుస్తకం చదివే పని ఇచ్చారు.

మా అరుగు మీద పప్పు తీసేవాళ్ళు ముగ్గురు. మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, పక్కిల్లే. మా వదిన, మిలట్రీలో ఉన్న మా అన్నయ్య భార్య. ఎదురింటి మామ్మ. ఈ మామ్మకి డెబ్బై దాటినా ఆమె చేటలో విరిగిన పప్పు ఒక్కటి కనిపించేది కాదు. మిగిలిన ఇద్దర్నీ ఆ సంగతి పట్టుకుని రోజూ ఏడిపించేది.

పుస్తకాలు పంపింది మా అత్త భర్త, మా మావయ్య. ఉద్దానం కొబ్బరికాయలు లారీల్లో ఉత్తరాదికి వెళ్తాయి. మావయ్య లోడుతో రాయపూర్ వెళ్ళి, అక్కడ మండీలో, అంటే టోకు బజార్లో, సేఠ్ దగ్గర ఉండి, కాయలు అమ్ముడయ్యేదాకా చూసుకుని, రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. పదో తరగతిలో ఇరవై మార్కులొస్తే పాసైపోయే హిందీలో నాకు అరవై వచ్చాయని ఆయనకి ఎంత గొప్పో. "మా కోడలు హిందీ సదివేత్తాది" అని లారీ డ్రైవర్లకి కూడా చెప్పుకునేవాడు. ఆ అరవై మార్కులు పద్యాలు బట్టీ పట్టి తెచ్చుకున్నవి. అక్షరాలు గడగడా చదువుతాను, ఇల్లు, నీళ్ళు, అన్నం, బడి లాంటి మాటలు తెలుసు. అక్కడితో సరి. ఆయన ఒక వీరుడి బొమ్మల పుస్తకాలు కొని, కొబ్బరి లోడు దించి తిరిగొచ్చే లారీలో పంపేవాడు. పుస్తకం వచ్చిందంటే మావయ్య క్షేమం అన్నమాట. అత్తకి వేరే ఉత్తరం అక్కర్లేకపోయేది.

ఆ వీరుడి మొహానికి నల్ల ముసుగు. అతని పేరు పలకడం కష్టమై మామ్మ మొదటిరోజే ముసుగోడు అని పెట్టేసింది. బళ్ళో మాస్టారు నేర్పిన పద్ధతిలోనే చదివేదాన్ని. ముందు హిందీ వాక్యం పైకి చదవడం, తరవాత అర్థం చెప్పడం. మొదటి పుస్తకం మూడో పేజీలోనే నా హిందీ అయిపోయింది. బొమ్మలో ముసుగోడు కిటికీలో నిలబడి ఉన్నాడు. జుట్టు విరబోసుకున్న ఒకామె అతనితో ఏదో చెబుతోంది. అత్త కత్తి ఆపి అడిగింది.

"ఆవిడెవరే గుంటా?"

మావయ్య రాయపూర్ వెళ్ళి పది రోజులైనా కాలేదు. అత్త కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. "పెళ్ళాం అత్తా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తెలీదు అంటే చదివే పని పోయి పప్పు తీసే పనికి మళ్ళీ కూర్చోబెడతారన్న భయం సగం. అత్త మొహం సగం.

ఒకసారి పెళ్ళాం అన్నాక అన్నీ దానికి తగ్గట్టు చెప్పుకురావాల్సి వచ్చింది. ఆమె చుట్టూ ఎప్పుడూ బల్లలు, కాగితాలు ఉండేవి. ఇంట్లో ఇన్ని బల్లలేటని వదిన అడిగితే, పట్నంలో ఇళ్ళు అలాగే ఉంటాయన్నాను. కోపంగా అరిచే లావుపాటి మీసాలాయన్ని మామగారిని చేశాను. అల్లుడి మీద అంత విసుక్కునేది మామగారు కాక ఇంకెవరు? మామ్మ వెంటనే నమ్మింది. ఇక ముసుగోడికి నేనొక నియమం పెట్టాను. దెబ్బలాటకి వెళ్ళే ముందు పెళ్ళాం దగ్గరికొచ్చి, ఫలానా రోజుకి వస్తానని చెప్పి వెళ్తాడు. చెప్పిన రోజుకి వచ్చి తీరతాడు. ఏ పుస్తకంలోనైనా చివర కిటికీ బొమ్మ ఒకటి ఉండేది కాబట్టి నా అబద్ధం ప్రతిసారీ నిలబడేది.

నేను సరిగ్గా అర్థం చెప్పిన మాట ఒక్కటుంది. ప్రతి పుస్తకంలోనూ దొంగలు ఒక పిల్లాడిని ఎత్తుకుపోతారు, తల్లి "మేరా బచ్చా", అంటే నా బిడ్డ, అని ఏడుస్తుంది, ముసుగోడు తెచ్చి ఒళ్ళో పెడతాడు. ఆ పేజీ రాగానే నాకంటే ముందు మామ్మ "మేరా బచ్చా" అని గుండె బాదుకునేది. తరవాత తరవాత మా వీధిలో మేకపిల్లని కూడా బచ్చా అనే పిలిచేవారు. మనవడు కిందపడితే మామ్మ అదే కేక వేసేది.

మూడో ఏడు మావయ్య దీపావళి అయ్యాక వెళ్తూ, ఈసారి ఎక్కువ రోజులు పడుతుంది, మామిడికాయల రోజులకి వస్తానన్నాడు. మామిడికాయలొచ్చాయి. అత్త ఆవకాయ పెట్టి, ఆయనకని ఒక జాడీ విడిగా వాసెన కట్టి ఉంచింది. మామిడిపళ్ళు కూడా అయిపోయాయి. కొబ్బరి లారీలు వస్తూ పోతూనే ఉన్నాయి. ఒక డ్రైవరు మా నాన్నని పక్కకి పిలిచి, రాయపూర్‌లో మావయ్య వేరే కాపురం పెట్టాడని చెప్పాడు. పక్కకి పిలిచి చెప్పిన మాట మా ఊళ్ళో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. నాన్న అత్త ఇంటికి వెళ్ళి, ఇల్లు తాళం పెట్టేసి మా ఇంటికి వచ్చెయ్యమన్నాడు. ఒక్కదానివీ ఎన్నాళ్ళిలా అని కేకలేశాడు.

"మీ బావ అలాటోడు కాడు" అంది అత్త. "వత్తానన్నాడు. వత్తాడు. ఆడొచ్చీసరికి తాళం ఉంటే బాగోదు."

"వస్తానన్నాడు, వస్తాడు" అన్నది నేను ముసుగోడి పెళ్ళాం చేత అనిపించే మాట. పుస్తకం పుస్తకానికీ చివరి పేజీలో, కిటికీ బొమ్మ కింద, మూడేళ్ళ నుంచి.

ఆ తరవాత వారంలోనే లారీలో పుస్తకం వచ్చింది. ఎప్పటిలా పల్చగా లేదు, మందంగా ఉంది. అట్ట మీద ముసుగోడితోపాటు వేరే పుస్తకాల వీరుడొకడు ఉన్నాడు, వీపుకి రెక్కలు. ఇద్దరు వీరుల్నీ ఒకే కథలో కలిపారన్నమాట. మావయ్య దగ్గర్నుంచి మాత్రం చీటీ ముక్క కూడా లేదు. ఎవరిచ్చారని డ్రైవర్ని అడిగితే, మండీలో కుర్రాడెవరో ఇచ్చాడన్నాడు. అత్త ఆ పుస్తకాన్ని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"పంపినాడా నేదా?" అంది మామ్మ వైపు చూసి. మామ్మ తన చేట దగ్గరికి లాక్కుంది.

నేను ముందుగా ఒకసారి తిరగేసి చూసుకుంటే బాగుండేది. ఆ తొందర నాకు ఎప్పుడూ ఉన్న జబ్బే. చదువుకుంటూ పోయాను. సగంలో పేజీ తిప్పేసరికి పేజీ నిండా ఒకటే బొమ్మ. బల్లల ఇల్లు తగలబడిపోతోంది. కిటికీలో ముసుగోడి పెళ్ళాం, చుట్టూ మంటలు. ముసుగోడు ఆమెకి వీపు తిప్పి ఆకాశంలో ఎగిరిపోతున్నాడు. అతనికి రెక్కలు లేవు కాబట్టి రెక్కలోడి జట్టులోని పచ్చబట్టల పిల్ల ఒకతె అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోతోంది. పుస్తకం మూసేద్దామనుకున్నాను. అప్పటికే ముగ్గురూ వంగి చూసేశారు.

"ఇదేటి?" అంది వదిన.

నేను హిందీ చదివాను. అర్థం చెప్పాల్సిన చోట అదే వాక్యం మళ్ళీ చదివాను.

"పెళ్ళాన్ని మంటల్లో ఒగ్గేసి ఇంకొకత్తితో ఎల్లిపోతన్నాడేటి?" అంది మామ్మ. "అదేనా అర్థం?"

"కలేమో మామ్మా" అన్నాను. "ముందు ముందు తెలుస్తుందేమో."

ముందుకి వెళ్ళినా ఆ పెళ్ళాం మళ్ళీ కనబడలేదు. చివరి పేజీలో కిటికీ బొమ్మ లేదు. ముసుగోడూ రెక్కలోడూ ఒక మేడ మీద చేతులు కలుపుకుంటున్నారు, పచ్చబట్టల పిల్ల నవ్వుతోంది. అయిపోయింది.

ఇక ఆ రోజు అరుగు మీద జరిగిన గొడవ నేను జన్మలో మరిచిపోలేను. వదిన అది డబల్ యాక్షన్ అంది. ముసుగు ఎవరైనా వేసుకోవచ్చు, మనోడిని ఎక్కడో కట్టిపడేసి వాడి ముసుగు వేసుకున్న దొంగ వీడు అంది. మామ్మ ఒప్పుకోలేదు.

"ఆ పచ్చబట్టల గుంట మందెట్టేసుంటాది. అన్నంలో ఎట్టేత్తే మగోడికి పెళ్ళాం మొకం గురుతుండదు. మా పినమావగారికి అలాగే కదేటి పెట్టేరు."

"మందూ కాదు మాకూ కాదు" అంది అత్త. ఆమె గొంతు అప్పుడే గట్టిపడింది. "ఇది రాసినోడు మనోడిని ఎరగడు. ఇన్నాళ్ళూ రాసినోడు వేరు. ఇది ఆ రెక్కలోడి తరపోళ్ళు రాసేరు. ఆళ్ళోడు మంచోడని సెప్పుకోడానికి మనోడిని ఇలగ సేసేరు. పెళ్ళిలో మగపెళ్ళోళ్ళు ఆడపెళ్ళోళ్ళ వంట గురించి సెప్పినట్టు."

"మరి బొమ్మలు వేసిన చెయ్యి ఒకటేలాగుంది కదత్తా" అంది వదిన.

"బొమ్మలేసినోడికేటి తెలుత్తాది? ఏమంటే అదేత్తాడు."

మామ్మ పప్పు గీకుతూనే మెల్లిగా అంది. "ఏమోలే. మగోడు. ఎప్పుట్నించో ఇలగే ఉన్నాడేమో. మనకే తెలీనేదేమో."

అత్త ఒళ్ళోని చేట విసిరికొట్టింది. పప్పు అరుగంతా చెల్లాచెదురైంది. "అలాటోడు కాడు! మూడేళ్ళ నుంచి సూత్తన్నాం. సెప్పిన రోజుకి రాకుండా ఉన్నాడా ఎప్పుడైనా? సెప్పవే గుంటా, ఉన్నాడా?"

"లేదత్తా" అన్నాను.

మేము మాట్లాడుకుంటున్నది ఎవరి గురించో అరుగు మీద అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. కింద కూర్చుని నలుగురం పప్పు ఏరాం. ఆ సాయంత్రం మేస్త్రీ వచ్చి విరిగిన పప్పు చేట చూసి, ఇదేమన్నా పశువులకి పెట్టడానికా అని అరిచాడు. మామ్మ చేటలో కూడా విరిగినవి ఉన్నాయి. అలా జరగడం అదే మొదటిసారి.

అర్జీ ఆలోచన మామ్మదే. అత్త చేత చేట విసిరేయించిన తప్పుకి అదొక పరిహారం అనుకుందో ఏమో. ఆ రోజుల్లో ఆఫీసర్లు ఊళ్ళకొచ్చి, బల్ల వేసుకుని కూర్చుని అర్జీలు తీసుకునేవారు. మామ్మ తన పింఛనుకి ఒకటి, వీధిలో బోరుకి ఒకటి, పక్కవాళ్ళ గోడ మీద ఒకటి పెట్టి, అర్జీల్లో ఆరితేరిపోయింది.

"ఊరికే అరుగుమీద అనుకుంటే ఏటవుద్ది? కాయితం మీద ఎట్టాల. పుస్తకం కంపెనీకి ఆఫీసరుండడేటి?"

నేను తెలుగులో రాయాలి. అన్నయ్య సెలవు మీద వస్తున్నాడు కాబట్టి, వాడికి పెద్ద హిందీ వచ్చు కాబట్టి, వాడు దాన్ని హిందీలోకి మార్చాలి. నీకూ వచ్చు కదా అని వదిన అడిగింది. చదవడం వేరు, రాయడం వేరని తప్పించుకున్నాను. అన్నయ్య పదేళ్ళుగా ఉత్తరాదిలోనే ఉన్నాడు. ఇదివరకు వాడు సెలవుకొచ్చినప్పుడల్లా పుస్తకాలు దాచేసేదాన్ని. ఇప్పుడు వాడు వాటిని ముట్టుకుంటే నా పని అయిపోయినట్టే.

"ఢిల్లీ పుస్తకముల ఆఫీసరు గారి సముఖమునకు, ఉద్దానం కాపురస్థులమైన మేము పెట్టుకొను అర్జీ" అని మామ్మ చెబుతుంటే రాశాను. ముసుగోడు ఇంతవరకు భార్యను విడిచి పరస్త్రీ చెయ్యి పట్టుకున్నవాడు కాడనీ, చెప్పిన రోజుకి ఇల్లు చేరనివాడు కాడనీ, తమరు విచారణ చేసి, తప్పు రాసిన గుమాస్తాను మందలించవలసిందనీ. అత్త చివర ఒక మాట కలపమంది.

"వచ్చే పుస్తకంలో ఆడు ఇంటికి రావాల. అదొక్కటీ రాయి. మిగతాది ఎలగున్నా పర్వానేదు."

వీధంతా తిరిగి సంతకాలు, వేలిముద్రలు తెచ్చింది మామ్మ. ముసుగోడి పేరు కూడా విననివాళ్ళు, ఏదో అర్జీ కదా, వచ్చేదేదో మనకీ వస్తుందని వేలు నొక్కారు. చివరింటి తాతయ్య, ఎప్పుడిస్తారట అని అడిగాడు. ఆధారం లేకపోతే పక్కన పడేస్తారని మామ్మ తన రేషన్ కార్డు జిరాక్సు కూడా జతపరిచింది. నవ్వు రావాల్సిన చోట నాకు నవ్వు రాలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ, వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వాకిట్లోకి తిరిగాను. అమ్మ కొట్టడం కూడా మానేసింది.

అన్నయ్య రావడానికి రెండ్రోజుల ముందు, పరీక్ష ఫీజు కనుక్కుంటానని చెప్పి బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. పుస్తకాల కొట్లో హిందీ-తెలుగు నిఘంటువు అడిగాను. కొంటానో లేదో తెలీని మనిషిని చూసినట్టు చూసి ఇచ్చాడు. మొదటి పుస్తకంలో ఆ జుట్టు విరబోసుకున్నామె మెళ్ళో వేలాడే కార్డు మీద ఉన్న మాట ఒక చీటీ మీద రాసుకుని తీసుకెళ్ళాను. వెతికాను. పత్రికా విలేఖరి అని ఉంది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. కొనుక్కుని, ఉన్న రెండు రోజుల్లో మొత్తం చదివి, నా అంతట నేనే అత్తకి చెప్పి ఉండొచ్చు. బస్సులో పలాస దాకా అదే అనుకున్నాను. ఇంటికొచ్చాక అత్త, "ఏటే, ఎండలో మొకం అలా వాడిపోయింది" అని మజ్జిగ ఇచ్చింది. తాగి ఊరుకున్నాను.

అన్నయ్య వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి, మందపాటి పుస్తకం ఒక చేతిలో, అర్జీ ఒక చేతిలో పెట్టారు. వాడు ముందు అర్జీ చదివి నవ్వాడు. తరవాత పుస్తకం తెరిచాడు. చదువుతుంటే వాడి నవ్వు తగ్గుతూ వచ్చింది. పాత పుస్తకాలు కూడా తెమ్మన్నాడు. అవి కూడా చూశాడు. ఒకసారి నా వైపు చూశాడు. నేను అరుగు మీది పొట్టు వైపు చూస్తున్నాను.

"పెళ్ళామేటత్తా? ఈవిడ పేపరామె. ఆడికి పెళ్ళి కానేదు."

వాడు మంటల బొమ్మ ఉన్న పేజీ తీసి చూపించాడు.

"మంటల్లో ఒగ్గేయడం కాదు. నాను దిగిపోతాను, నువ్వు ముందు బడి కాడికెళ్ళు, పిల్లలున్నారు అని ఆవిడే సెప్తంది. ఆ బడి కాడికే ఎల్లినాడు."

"అయితే మావగారో?" అంది మామ్మ.

"మఫ్టీలో ఉన్న పోలీసు మామ్మా."

మామ్మకి అన్నిటికంటే అదే కష్టమనిపించింది. "ఎంత కోపంగా ఉండేవాడు, మావగారి కోపమే" అని గొణుక్కుంది. వదినకి నవ్వొచ్చింది గానీ అత్తని చూసి చేత్తో నోరు మూసుకుంది.

అత్త కత్తి ఆపలేదు. చేతిలో ఉన్న పప్పు పొట్టు పూర్తిగా తీసి, గుండు పప్పు చేటలో వేసి, అప్పుడు అడిగింది.

"ఏ రోజుకొత్తాడో... ఆడెప్పుడూ సెప్పి ఎల్లనేదా?"

"నేదత్తా. ఎక్కడా నేదు."

అత్త నా వైపు తిరిగింది. ఒక్కటి పీకితే బాగుండునని నిజంగా కోరుకున్నాను. అత్త చెయ్యెత్తలేదు, తిట్టలేదు. "ఎండపొద్దు ఎంతసేపు సదివేదానివే, గొంతు ఎండిపోయేది నీకు" అంది. నేను లేచి పెరట్లోకి పరిగెత్తి, నూతి గట్టు దగ్గర నిలబడి ఏడ్చాను. వదిన వచ్చి, ఊరుకోమనలేదు, పక్కన నిలబడింది.

మర్నాడు అత్త పోస్టాఫీసు నుంచి ఒక ఇన్‌లాండ్ కవరు తెచ్చింది. ముసుగోడి అర్జీని నాలుగు మడతలు పెట్టి మామ్మకి ఇచ్చేసింది. కవరు అన్నయ్య ముందు పెట్టి, రాయపూర్ సేఠ్‌కి రాయమంది.

"ఏటని రాయమంటావత్తా?"

"ఆడున్నాడా నేదా. ఉంటే ఎక్కడున్నాడు. ఎవరితో ఉన్నాడు. అంతే అడుగు. బతిమాలినట్టు రాయకు."

అన్నయ్య రాశాడు. సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. జవాబు వచ్చేసరికి వానలు పడుతున్నాయి. పోస్టుమాన్ తడిసిన చేత్తో ఇచ్చిన కవరుని అత్త విప్పలేదు. రోజూ చదివే వేళ దాకా దాచి, భోజనాలయ్యాక అరుగు మీదికి తెచ్చింది. వదినా మామ్మా వచ్చి ఎప్పటి చోట్లలో కూర్చున్నారు. చేటలు ముందున్నాయి గానీ ఎవరూ కత్తి పట్టుకోలేదు, అత్త తప్ప.

"సదువు" అంది, కవరు నాకిచ్చి.

"నాకు హిందీ రాదత్తా. నీకు తెలుసు కదా. అన్నయ్యకి పంపుదాం."

"అచ్చరాలొచ్చు కదా. ఎప్పట్నాగే సదువు. ముందు ఆళ్ళ మాట, తరవాత అర్థం. రాని మాట కాడ రాదను. కలపకు."

చదివాను. మూడేళ్ళలో నేను నిజంగా చదివింది ఆ ఒక్క ఉత్తరమే. ఒక వాక్యం పైకి చదివి, తెలిసిన మాటలు చెప్పి, తెలియనిచోట రాదు అనేదాన్ని. "నమస్కారం... ఉత్తరం అందింది... ఈ మాట రాదు... హోలీ పండగ నుంచి ఇక్కడ పని... లేదు, పని చెయ్యడం లేదు." అత్త పప్పు గీకుతోంది. "వేరే మండీ... పేరు రాశాడు... బాగున్నాడు." కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "స్టేషను వెనక... ఇల్లు... ఈ మాట రాదు... ఆడమనిషి." మామ్మ కళ్ళు మూసుకుంది.

ఇంకొక్క వాక్యం మిగిలింది. పద్ధతి ప్రకారం ముందు హిందీ పైకి చదివేశాను. చదివాకే తెలిసింది, అందులో అర్థం తెలిసిన మాట ఒకటే ఉందని. ఆ ఒక్క మాటా తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో. అత్త తలెత్తి చూస్తోంది. కలపకు అంది గానీ తియ్యకు అనలేదు కదా అనుకున్నాను.

"ఈ మాట నాకు రాదత్తా" అన్నాను.

వాన చినుకులు చూరు మీంచి అరుగు అంచున పడుతున్నాయి. అత్త కత్తి కింద పెట్టింది. ఒళ్ళోని పొట్టు దులుపుకుంది. గొంతులో కోపం లేదు.

"రాకపోడమేటే? బచ్చా అంటే నాకూ వచ్చు" అంది. "మొగపిల్లాడో ఆడపిల్లో రాసేడేమో సూడు."